కార్ నికోబార్‌లో రెండేళ్లు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, డి.ఎ. బకాయిల గురించో పే కమిషన్ల గురించో రాయడానికి నాకంటే తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారని చెప్పి తప్పుకోబోయాను. "అయితే ఆ దీవి సంగతి రాయండి. ప్రతి నెలా మీటింగయ్యాక కాఫీ దగ్గర చెబుతూనే ఉంటారు కదా!" అన్నారు. నిజమే. ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను పనిచేసిన ఊళ్లు తొమ్మిది. వాటిలో ఎనిమిది ఊళ్లు నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం నా మనసులోనే ఉండిపోయింది. అదే కార్ నికోబార్. 1976 మార్చి నుంచి 1978 ఏప్రిల్ వరకు అక్కడ ఎల్.డి.సి.గా డెప్యుటేషన్ మీద ఉన్నాను. నాకప్పుడు 27 ఏళ్లు. ఇప్పుడు 76. జ్ఞాపకం ఇంకా సరిగ్గా పనిచేస్తున్నప్పుడే కాగితం మీద పెడితే మంచిదనిపించింది.

ఈ దీవి ఎక్కడుంది?

అండమాన్ అనగానే మనవాళ్లకు సెల్యులార్ జైలు గుర్తొస్తుంది. అల్లూరి సీతారామరాజు వెంట మన్యంలో పోరాడిన గాం మల్లుదొర ఆ జైలు చూసి వచ్చినవారే. తర్వాత 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ జైలున్న పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. నేను నా కాలపు పేరే వాడతాను.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఇంకా దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్లు వెళితే కార్ నికోబార్ వస్తుంది. మధ్యలో టెన్ డిగ్రీ ఛానల్ అనే లోతైన సముద్రం దాటాలి. అండమాన్‌లో కొండలుంటాయి. కార్ నికోబార్ మాత్రం బల్లపరుపుగా ఉండే నేల. విస్తీర్ణం 127 చదరపు కిలోమీటర్లు. ఎటు చూసినా కొబ్బరితోట, తోట దాటితే సముద్రం. అంతే దీవి.

ఈ దీవుల పేరు మనవాళ్లకు కొత్తదేమీ కాదు. వెయ్యేళ్లనాటి రాజేంద్ర చోళుని శాసనంలో "నక్కవరం" అని ఉంది. ఆ నక్కవరమే నికోబార్ అయిందంటారు.

మాకంటే ముందు వెళ్లినవారు

బయటి నుంచి వెళ్లి ఈ దీవుల్లో కాపురం పెట్టాలని చూసినవారి చరిత్ర చాలావరకు జ్వరాల చరిత్రే. మద్రాసుకు దక్షిణంగా ఉన్న తరంగంబాడి నుంచి డెన్మార్క్ వారు 1756లో వచ్చి, ఈ దీవులు తమ రాజుగారివని ప్రకటించుకున్నారు. మలేరియా వారిని నిలవనివ్వలేదు. 1768లో మొరేవియన్ మిషనరీలు నాన్‌కౌరీ ప్రాంతానికి వచ్చారు. దాదాపు ఇరవై ఏళ్లు పట్టుదలగా ఉండి, ఒకరి తర్వాత ఒకరు రాలిపోగా, 1787లో మిగిలినవారు వెళ్లిపోయారు. డెన్మార్క్ తన హక్కును 1868లో వదులుకుంది. మరుసటి ఏడు బ్రిటిష్‌వారు నాన్‌కౌరీలో ఖైదీల స్థావరం పెట్టారు. అదీ 1888లో మూతపడింది.

వీరందరికంటే నాకు బాగా దగ్గరివాడనిపించే మనిషి మరొకరున్నారు. ఆయన పేరు వేదప్పన్ సాలమన్. తమిళుడు. 1890ల్లో కార్ నికోబార్‌లోని మూస్ అనే ఊరిలో ప్రభుత్వ ఏజెంటుగా ఉండి, బడి కూడా నడిపాడు. రోజూ ఏం జరిగిందో డైరీ రాసి పైకి పంపేవాడు. ఈ దీవివాసుల రోజువారీ బతుకు గురించి పండితులకు తెలిసినదాంట్లో కొంత ఆయన డైరీల వల్లనే తెలిసింది. ఏ యూరప్ దొరా కాదు, మనలాంటి ఒక చిన్న ఉద్యోగి. ఆయన దగ్గర చదువుకున్న నికోబారీ కుర్రవాడే తర్వాత బిషప్ జాన్ రిచర్డ్‌సన్ అయ్యారు. తన భాషలోకి కొత్త నిబంధన అనువదించారు. 1952లో మొదటి లోక్‌సభకు ఈ దీవుల తరఫున నియమితులయ్యారు. 1976 క్రిస్మస్‌కు మూస్ చర్చి దగ్గర ఆయన్ను దూరం నుంచి చూశాను. బాగా వృద్ధులు. ఆయన నడిచి వస్తుంటే జనం రెండు పక్కలా లేచి నిలబడ్డారు. 1978లో, నేను తిరిగి వచ్చిన కొద్ది వారాలకే, కాలం చేశారు.

1942 నుంచి 1945 వరకు దీవి జపాన్ సైన్యం చేతిలో ఉంది. నికోబారీల చేత బలవంతపు చాకిరీ చేయించి విమానాల మైదానం వేయించారు. గూఢచారులన్న అనుమానం మీద ఎందరినో చంపారు. నేను వెళ్లేనాటికి ఆ రోజులు చూసినవారు చాలామందే బతికి ఉన్నారు. అడిగితే మాట మార్చేవారు.

1956లో వచ్చిన ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం బయటివారు అనుమతి లేకుండా ఈ దీవికి రాకూడదు. వచ్చినా సెంటు భూమి కొనకూడదు. అంటే మావంటి ఉద్యోగులం ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా ఆ నేల మీద అతిథులమే. ఈ సంగతి మొదట్లో నాకు అర్థం కాలేదు.

ప్రయాణం

డెప్యుటేషన్‌కు నా అంతట నేనే పేరు ఇచ్చాను. దేశసేవ కోసమేమీ కాదు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు ఉంది. 260-400 స్కేలులో దాన్ని తీర్చే దారి కనబడలేదు. దీవికి వెళితే అలవెన్సు అదనంగా వస్తుంది, అక్కడ ఖర్చు ఉండదు అన్నారు. నా భార్యను, ఎనిమిది నెలల పాపను విజయనగరంలో మా అమ్మానాన్నల దగ్గర ఉంచి బయలుదేరాను.

మద్రాసు రేవులో ఓడ ఎక్కితే మూడు రాత్రులు ప్రయాణం. అడుగు అంతస్తులో వరసగా బల్లలు. మొదటిరోజు ఎవరూ అన్నం ముట్టలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, దీవుల మధ్య తిరిగే ఓడ కోసం ఎనిమిది రోజులు కాచుకుని, మరో రాత్రి ప్రయాణం చేశాక తెల్లవారి కార్ నికోబార్ కనబడింది. ఓడ దూరంగానే ఆగింది. పడవలో ఒడ్డు దాకా వెళ్లి, మోకాలిలోతు నీళ్లలో దిగాలి. నా చేతిలో మా అమ్మ గుడ్డ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ ఉంది. అలకు తూలబోతుంటే ఒక నికోబారీ మనిషి వచ్చి, మాట్లాడకుండా జాడీ తీసుకుని నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. ఒడ్డున దించాక, "బాబూ, ఇందులో దేవుడున్నాడా?" అని హిందీలో అడిగాడు. మామిడికాయ అన్నాను. చాలాసేపు నవ్వాడు. అతనే మా ఆఫీసు ప్యూను. నాకంటే పదేళ్లు పెద్ద. రెండేళ్లూ నన్ను కనిపెట్టుకుని ఉన్నది అతనే.

అక్కడి రోజులు

గడియారం మనదే, సూర్యుడు మాత్రం వేరే. మన భారత కాలమానానికి ఆధారమైన రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. కార్ నికోబార్ అక్కడికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అందువల్ల అక్కడ సూర్యుడు కాకినాడలో కంటే సుమారు 40 నిమిషాలు ముందే వస్తాడు, ముందే పోతాడు. అందులోనూ భూమధ్యరేఖకు దగ్గర. సాయంత్రం ఆఫీసు వదిలి కాళ్లు కడుక్కునేసరికి చీకటి. కరెంటు కొన్ని గంటలే ఉండేది. ఆ తర్వాత లాంతరు, కప్పల మోత, కప్పు మీద వాన చప్పుడు. రెండు రుతుపవనాలూ కురుస్తాయి కనుక ఏడాదిలో ఏడెనిమిది నెలలు వానే.

ఆ తేమలో గుమాస్తా పని ఎలా ఉంటుందో మన మిత్రులకు చెబితేనే అర్థమవుతుంది. కవర్ల జిగురు దానంతటదే అంటుకుపోయేది. ఏ కవరు తీసినా ముందే మూసి ఉండేది. గుండుసూదులు వారంలో తుప్పు పట్టి కాగితం మీద ఎర్రమచ్చ వేసేవి. అందుకని అన్నీ నూలు ట్యాగులతోనే కట్టేవాళ్లం. ఆదివారం ఎండ వస్తే ఆఫీసు వరండాలో ఫైళ్లు పరిచి ఆరబెట్టేవాళ్లం, మన ఇళ్లలో అప్పడాలు ఆరబెట్టినట్టు. ప్యూను కర్ర పట్టుకుని కోళ్లు తొక్కకుండా కాపలా ఉండేవాడు.

అక్కడ వరి పండదు. బియ్యం, పప్పు, పంచదార, కిరోసిన్ అన్నీ ఓడలోనే రావాలి. ఓడ తేదీ బోర్డు మీద రాస్తే దీవంతా తెలిసిపోయేది. తేదీ దాటితే ముందు ఉల్లిపాయలు అయిపోయేవి, తర్వాత బంగాళాదుంపలు, ఆ తర్వాత ఓపిక. పాలంటే డబ్బా పాలపొడే. కొబ్బరి మాత్రం కావలసినంత. కొబ్బరిపచ్చడి, కొబ్బరన్నం, కొబ్బరి వేసిన పప్పు. ఇంటికి వచ్చాక ఏడాదిపాటు కొబ్బరి ముక్క నోట పెట్టలేదని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. ఆదివారం ఉదయం అందరం మలేరియా మాత్రలు వేసుకునేవాళ్లం. డెన్మార్క్‌వారికి లేనిదీ మాకు ఉన్నదీ ఆ చేదు మాత్రే.

ఉత్తరాలు కూడా ఎక్కువగా ఓడతోనే. మూడు వారాల టపా ఒక్కసారే వచ్చి పడేది. అందుకని నా భార్య ప్రతి ఉత్తరానికీ నంబరు వేసేది. ఒకసారి 22 రాలేదు, 23 వచ్చింది. "పాపకు జ్వరం పూర్తిగా తగ్గింది, కంగారుపడకండి" అని ఉంది. జ్వరం ఎప్పుడు వచ్చిందో, ఎంత వచ్చిందో నాకు తెలియదు. 22వ నంబరు ఎనిమిది వారాల తర్వాత వచ్చింది. తగ్గిపోయిందని తెలిసి కూడా ఆ ఉత్తరం చదువుతుంటే చేతులు వణికాయి.

ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లం అయిదుగురం. నేను, నా గదిలోనే ఉండే ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం నుంచి వచ్చిన వైర్‌లెస్ ఆపరేటరు, టెక్కలి వైపు తాపీ మేస్త్రీలు ఇద్దరు. పింగళ నామ సంవత్సర ఉగాదికి వేపపువ్వు దొరకక, మెంతులు నానబెట్టి చేదు పూర్తి చేశాం. రాత్రిపూట గాలి అనుకూలిస్తే ట్రాన్సిస్టర్‌లో విజయవాడ కేంద్రం వినబడేది. వినబడిన రోజున ఎవ్వరూ మాట్లాడుకునేవాళ్లం కాదు.

తుహెత్, నేను నింపిన ఫారం

నికోబారీల ఇళ్లు నేలకు మనిషి ఎత్తు పైన, కర్రల మీద, గుండ్రంగా గడ్డికప్పుతో ఉండేవి. కింద పందులు, మీద మనుషులు. ఎక్కడానికి నిచ్చెన. మొగలి జాతి చెట్టు పండును ఉడికించి ముద్ద చేస్తారు. అదీ, కందమూలాలు, చేపలు, పంది మాంసం వారి ఆహారం. ప్రతి ఊరికీ ఒక కెప్టెన్ ఉంటాడు, ఊరిపెద్ద అన్నమాట. ఆ మాట వెనకటి ఓడల వ్యాపారం నాటిది. వారి బతుకంతటికీ ఆధారమైనది మాత్రం తుహెత్.

తుహెత్ అంటే మన ఉమ్మడి కుటుంబం అనుకోవచ్చు, కానీ ఇంకా పెద్దది. తాతల నుంచి మనవల దాకా, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు అందరూ కలిసి ఒక తుహెత్. తోట తుహెత్‌ది, పందులు తుహెత్‌వి, పడవ తుహెత్‌ది. ఏ చెట్టు ఎవరిదని అడిగితే వారికి ప్రశ్నే అర్థం కాదు. కాగితం ఒక్కటీ లేదు. సరిహద్దులన్నీ పెద్దల జ్ఞాపకంలోనే.

1977 వేసవిలో సరుకుల పంపిణీ కోసం కుటుంబాల జాబితా తయారుచేసే పని నాకు అప్పగించారు. ఫారం మెయిన్‌ల్యాండ్ నుంచే వచ్చింది. 4వ కాలమ్‌లో కుటుంబ పెద్ద పేరు, దాని కింద సభ్యులకు పది గీతలు. మలక్కా ఊరిలో మా ప్యూనుగారి తుహెత్‌కు వెళ్లి కూర్చున్నాను. పెద్ద ఎవరంటే ఒక ముసలమ్మను చూపించారు. సభ్యుల పేర్లు చెప్పడం మొదలుపెట్టి 63 దగ్గర ఆగారు. పది గీతల్లో 63 మంది పట్టరు. ఆఫీసుకు వచ్చి అడిగితే, "భార్య, భర్త, పిల్లలు. అలా విడగొట్టి రాసెయ్యవయ్యా" అన్నారు. ఎవరు ఎవరి పిల్లలో అక్కడ విడదీసి చెప్పుకునే అలవాటు లేదు. నేను నా బల్ల దగ్గరే కూర్చుని, కొంత అడిగి, కొంత ఊహించి, ఆ తుహెత్‌ను తొమ్మిది కుటుంబాలుగా రాసి సంతకానికి పెట్టాను.

ప్యూనుకు కొద్దిగా చదువు వచ్చు. ఫైలు తీసుకెళుతూ ఆ జాబితా చూశాడు. "బాబూ, తొమ్మిది పొయ్యిలు రాశావు. మాకున్నది ఒకటే కదా" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు ఫారం అర్థం కాలేదేమో, సరిదిద్దుకుంటానేమో అన్నట్టు అన్నాడు. నేను ఫారం అలాగే ఉంటుందని చెప్పాను. సరేనని తల ఊపి తీసుకెళ్లాడు.

1977 నవంబరు

నా గదిలోని ఉపాధ్యాయ మిత్రుడిది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వచ్చిందని రేడియోలో మాకు తెలిసింది. ఆ రాత్రి విజయవాడ వినబడలేదు. మర్నాడు ఢిల్లీ వార్తల్లో తుఫాను అన్నారు. రోజు గడిచేకొద్దీ చనిపోయినవారి అంకె పెరుగుతూ పోయింది. చివరికి ప్రభుత్వ లెక్కే పదివేలకు చేరింది. వైర్‌లెస్ మిత్రుడు ఎంత ప్రయత్నించినా కృష్ణా జిల్లాకు తంతి లేదు. తర్వాతి ఓడకు పన్నెండు రోజులుంది. మిత్రుడు రేడియో పక్కనే కూర్చుండిపోయాడు. స్నానం లేదు, తిండి లేదు.

రెండోరోజు సాయంత్రం మా గది ముందు అలికిడి అయింది. మలక్కా కెప్టెను, మా ప్యూను, వారి వెనక పాతికమంది దాకా ఆడా మగా. కెప్టెను నాతో "సముద్రం ఈయన ఇంటికి వచ్చిందట కదా" అన్నాడు. అంతే. అందరూ వరండాలో, మెట్ల మీద, చెట్టు కింద కూర్చున్నారు. ఎవరూ ఓదార్పు మాట చెప్పలేదు. ఇద్దరు ఆడవాళ్లు లోపలికి వచ్చి పొయ్యి వెలిగించి కంద ఉడకేశారు. మిత్రుడి చేతిలో పెట్టేదాకా కదలలేదు. ఓడ వచ్చేదాకా ప్రతి సాయంత్రం అలా ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. ఆ వారం జరగవలసిన ఫుట్‌బాల్ పోటీ ఆపేశారని తర్వాత తెలిసింది. కొబ్బరితోటల మధ్య బతికే ఆ మనుషులు కృష్ణా జిల్లాను మ్యాపులో కూడా చూసి ఉండరు.

ఓడ రావడానికి రెండు రోజుల ముందు కెప్టెను ఒక చేతిగుడ్డ మూట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఎండుకొబ్బరి అమ్మిన డబ్బు, చిల్లరతో కలిపి నాలుగు వందల పైచిలుకు. "మీ ఊళ్లకు పంపు" అన్నాడు. తుఫాను సహాయనిధికి మనియార్డరు ఫారం తీసి రాస్తూ, పంపువారి పేరు దగ్గర ఆగి, "ఎవరి పేరు రాయను?" అని అడిగాను. "ఊరి పేరు రాయి" అన్నాడు. మనిషి పేరు ఉండాలన్నాను. "ఏ మనిషి పేరు రాస్తే మిగతావాళ్లు ఇవ్వనట్టే కదా?" అన్నాడు.

ఆరు నెలల కిందటి జాబితా నాకు గుర్తొచ్చింది. ఫారంలో "మలక్కా గ్రామం, కార్ నికోబార్" అని రాశాను. పోస్టుమాస్టరు కేరళవారు. ఫారం వైపు, మూట వైపు, బయట నిలబడ్డ జనం వైపు చూసి, మారు మాట్లాడకుండా ముద్ర కొట్టి రసీదు ఇచ్చారు.

ఆ ఓడలోనే మిత్రుడికి ఉత్తరం వచ్చింది. తల్లి, చెల్లెలు లేరు. తండ్రి తాటిచెట్టు పట్టుకుని బతికాడు. అతను అదే ఓడలో వెళ్లిపోయాడు. మళ్లీ దీవికి రాలేదు. వెళ్లేటప్పుడు మా ప్యూను అతని పెట్టె నెత్తిన పెట్టుకుని నీళ్లలో పడవ దాకా నడిచాడు.

2004 డిసెంబరు

1978 ఏప్రిల్‌లో నేను ఇంటికి వచ్చాను. అప్పు తీరింది. పాప నన్ను చూసి ఏడ్చి వాళ్ల తాత వెనక దాక్కుంది. మా ప్యూనుకు ఏటా క్రిస్మస్‌కు ఒక కార్డు వేసేవాణ్ణి. అతనూ వేరొకరి చేత రాయించి జవాబు ఇచ్చేవాడు. ప్రతిసారీ చివర "మామిడికాయ దేవుడు బాగున్నాడా?" అని ఉండేది.

2004 డిసెంబరు 26 ఆదివారం. సునామీ సంగతి టీవీలో చూసి అందరిలాగే నేనూ మొదట మద్రాసు గురించే అనుకున్నాను. సాయంత్రానికి కార్ నికోబార్ పేరు వినబడింది. వైమానిక దళ స్థావరంలో ఉద్యోగులు, వారి కుటుంబాలు కలిసి వందమందికి పైగా పోయారు. మలక్కా ఊరు నేలమట్టమైంది. తర్వాత పైనుంచి తీసిన ఫొటోలు చూపించారు. మా క్వార్టర్లు ఉన్నచోటు, కోళ్లను తోలుతూ ఫైళ్లు ఆరబెట్టినచోటు పోల్చుకుందామని చూశాను. పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. దీవే ఒక మీటరుకు పైగా కుంగి, తీరం లోపలికి జరిగిపోయిందన్నారు.

మూడు నెలల తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న మా ప్యూను మేనల్లుడు ఫోనులో దొరికాడు. ప్యూను పోయాడు. ఆ తుహెత్‌లో ఇరవైమందికి పైగా పోయారు. మిగిలినవారు దీవి నడుమ మెట్టప్రాంతంలో రేకుల షెడ్లలో ఉన్నారు.

మా ఆఫీసు మిత్రులం కొంత డబ్బు పోగుచేశాం. ఎవరికి పంపాలని అడిగితే, "తుహెత్‌కు పంపండి" అన్నాడు ఆ కుర్రవాడు. బ్యాంకులో అడిగితే, ఖాతాదారుడి పేరు కావాలి, ఒక మనిషి పేరు అన్నారు. కౌంటరు ముందు డ్రాఫ్టు ఫారం పట్టుకుని నిలబడిపోయాను. చివరికి ఆ కుర్రవాడి పేరు మీదే పంపాను. అతను పద్ధతి తప్పకుండా అందరికీ చేర్చాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత అక్కడ జరిగినదాని గురించి పత్రికల్లోనూ, పరిశోధకుల రాతల్లోనూ చదివాను. ప్రభుత్వం పెద్దఎత్తున ఖర్చుపెట్టి పక్కా ఇళ్లు కట్టించింది. నష్టపరిహారం బ్యాంకు ఖాతాల్లో వేసింది. ఆ సమయంలో ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని ఎవరూ అనలేరు. అయితే ఇళ్లూ పరిహారమూ ఒక్కొక్క చిన్న కుటుంబం లెక్కన ఇచ్చారు. భార్య, భర్త, పిల్లలు. దానితో ఒకే పొయ్యి దగ్గర కలిసి బతికిన తుహెత్‌లలో మొదటిసారిగా నాది, నీది అనే మాట వచ్చిందని పరిశోధకులు రాశారు. అది చదివిన రోజున నాకు నిద్ర పట్టలేదు.

నేను రాసిన జాబితా వల్లనే ఇది జరిగిందనుకునేంత అమాయకుణ్ణి కాను. ఆ కాగితం ఏ బూజులోనో పోయి ఉంటుంది, లేకపోతే సముద్రంలో కలిసిపోయి ఉంటుంది. కానీ కాలమ్ అదే. 1977లో ఒక గుమాస్తా ఆ కాలమ్ ముందు కూర్చుని, ఇది ఇక్కడి మనుషులకు సరిపోదని నోట్ పెట్టి ఉండవచ్చు. పెడితే ఏమయ్యేదో చెప్పలేను. పెట్టలేదని మాత్రం చెప్పగలను. రెండేళ్లు వారి నీళ్లు తాగి, వారి భుజం మీద పెట్టె మోయించుకుని, మా దుఃఖంలో వారిని పక్కన కూర్చోబెట్టుకున్నవాణ్ణి. నా చేతిలో ఉన్నది కలమొక్కటే. దాన్ని మనియార్డరు ఫారం మీద ఒకసారి సరిగ్గా వాడాను. జాబితా మీద వాడలేదు.

మనవాళ్లు ఇప్పుడు అమెరికా, ఆస్ట్రేలియా, ఇంకా ఎన్నో దేశాల్లో ఉన్నారు. మన పిల్లలు ఫోనులో ముఖం చూపించి రోజూ మాట్లాడుతున్నారు. 22వ నంబరు ఉత్తరం కోసం ఎదురుచూసే అవస్థ వారికి లేదు, సంతోషం. వారికి నేను చెప్పేది ఒక్కటే. పరాయి నేల మీద ఉద్యోగం చేసేటప్పుడు అక్కడివారు మనకు చేసిన మేలు గుర్తుపెట్టుకోవడం మంచిదే. దానికంటే ముఖ్యం, మన చేతిలో ఉన్న పనిలో వారికి కీడు జరగకుండా చూసుకోవడం.

ప్రతి నవంబరులో మనమందరం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వస్తాం. మొన్న అక్కడే ఒక మిత్రుడు తన పెన్షన్ కాగితాలు నింపి పెట్టమని నాకిచ్చారు. కుటుంబ సభ్యుల వివరాలు అన్నచోట గీతలు అయిదే ఉన్నాయి. "మీ ఇంట్లో ఎంతమందండీ?" అని అడిగాను. "మా అన్నయ్య పిల్లలను కూడా చెప్పమంటారా?" అన్నారాయన. చెప్పమన్నాను. అయిదు గీతలు నిండాక, కింద ఖాళీజాగాలో చిన్న అక్షరాలతో మిగిలినవారి పేర్లు కూడా రాశాను. కౌంటరులోని అమ్మాయి అవి లెక్కలోకి రావని చెప్పింది. "తెలుసమ్మా, అయినా ఉండనీ" అన్నాను.